హైదరాబాద్‌లో పెద్ద వాన వచ్చేలోపు ఇంట్లో చేసుకోవాల్సినవి

మిరుగు (మృగశిర కార్తె) రోజు చేపల పులుసు తిని, అటక మీది గొడుగులు దించి, డాబా మీద గొట్టానికి అడ్డంపడ్డ ఆకులు తీసేస్తే వానాకాలానికి తయారైపోయామనుకుంటాం. కానీ మన ఊరిని బాగా కష్టపెట్టిన వానల తేదీలు ఒకసారి చూడండి. మూసీ ఉప్పొంగి వేల మంది ప్రాణాలు తీసింది 1908 సెప్టెంబర్ 28న. ఒక్క రోజులో 24 సెంటీమీటర్ల వాన కురిసింది 2000 ఆగస్టు 24న. కాలనీలకు కాలనీలే నీళ్లలో ఉండిపోయింది 2020 అక్టోబర్ 13న, దసరా దగ్గరపడ్డాక. ఎంజీబీఎస్ బస్టాండ్‌లోకి మూసీ నీళ్లు వచ్చింది 2025 సెప్టెంబర్ నెలాఖర్లో, బతుకమ్మ ఆడుతున్న రోజుల్లో.

ఇక గండం గడిచిందని మనం నిమ్మళంగా ఉండే రోజుల్లోనే అసలు వాన వచ్చింది. దీంట్లో మనకు పనికొచ్చే మాట ఒకటుంది. టైం ఉంది. బోనాలు అయిపోయి, శ్రావణంలో ఎలాగూ ఇల్లంతా దులిపి కడుగుతాం కదా, అప్పుడే ఈ పనులూ కలిపేసుకోవచ్చు. ఒక ఆదివారం చాలు.

రాత్రి రెండింటికి కరెంటు పోయి, గేటులోంచి నీళ్లు లోపలికి వస్తుంటే మనిషిని ఎక్కువ బెదరగొట్టేది నీళ్లు కాదు, ఇప్పుడు ఏం చేయాలో తోచకపోవడం. బండి తియ్యాలా, అమ్మను పైకి తీసుకెళ్లాలా, కరెంటు ఆపాలా, ఎవరికి ఫోన్ చేయాలి? ఆ ప్రశ్నలన్నిటికీ పగటి వెలుగులో, టీ తాగుతూ, ఇంటిల్లిపాదీ కూర్చుని జవాబులు ముందే రాసిపెట్టుకుంటే ఆ రాత్రికి మిగిలేది ఆ కాగితం చూసి చేసుకుపోవడమే. నేను చెప్పేదంతా ఇందుకోసమే.

నీళ్లు ఎటు నుంచి వస్తాయి

ముందు దీనికి జవాబు వెతకాలి. మీ గల్లీలో ఇరవై ముప్పై ఏళ్లుగా ఉంటున్న వాళ్లను అడగండి. 2020లో నీళ్లు ఎక్కడిదాకా వచ్చాయి, ఎటువైపు నుంచి వచ్చాయి, ఎన్ని గంటలు నిలిచాయి? కిరాణా కొట్టాయనకో, ఇస్త్రీ బండి ఆయనకో ఇది కచ్చితంగా తెలిసి ఉంటుంది. దగ్గర్లో నాలా ఎక్కడుంది, పైన చెరువు ఉందా అన్నదీ తెలుసుకోండి.

మన చెరువులన్నీ గొలుసుకట్టు. పై చెరువు నిండి మత్తడి దూకితే ఆ నీళ్లు కింది చెరువుకే రావాలి. మధ్యలో మన కాలనీ ఉంటే మన మీదుగానే పోతాయి. 2020లో అక్టోబర్ 13 వాన తగ్గి, జనం ఇళ్లు కడుక్కుంటున్న సమయంలో, అదే వారం మళ్లీ కురిసిన వానకు బాలాపూర్ గుర్రం చెరువు కట్ట తెగి కింది బస్తీలు మునిగాయి. అందుకే చెరువు కింద ఉండేవాళ్లు వాన ఆగిన తర్వాత కూడా రెండు మూడు రోజులు కట్ట సంగతి కనుక్కుంటూ ఉండాలి.

మూసీ ఒడ్డున, అంటే జియాగూడ, పురానాపూల్, చాదర్‌ఘాట్, మూసారాంబాగ్ వైపు ఉండేవాళ్లకు లెక్క వేరు. మూసీ పుట్టేది వికారాబాద్ దగ్గర అనంతగిరి కొండల్లో. మీ ఇంటి మీద చినుకు పడకపోయినా అక్కడ గట్టిగా కురిస్తే నది పెరుగుతుంది. 1908 వరద తర్వాత మోక్షగుండం విశ్వేశ్వరయ్య సలహాతో మూసీ మీద ఉస్మాన్‌సాగర్, దాని ఉపనది ఈసీ మీద హిమాయత్‌సాగర్ కట్టారు. 1920లో ఒకటి, 1927లో ఇంకొకటి పూర్తయ్యాయి. నూరేళ్లుగా అవి మనల్ని కాపాడుతూనే ఉన్నాయి. కానీ అవి నిండితే గేట్లు ఎత్తక తప్పదు. గేట్లు ఎత్తుతున్నారని టీవీలో చెప్పగానే సర్దుకుని బయల్దేరాలి. గుమ్మం దాకా నీళ్లొచ్చాక చూద్దామని ఆగొద్దు.

వాతావరణ శాఖ రంగులతో అలర్ట్ ఇస్తుంది. పసుపు అయితే గమనిస్తూ ఉండండి. ఆరెంజ్ అయితే కింద చెప్పిన పనులు మొదలుపెట్టండి. రెడ్ అయితే అవన్నీ చీకటి పడేలోపు పూర్తి కావాలి. ఒక్క రోజులో 12 నుంచి 20 సెంటీమీటర్లు పడితే అతిభారీ వర్షం అంటారు, 20 దాటితే అత్యంత భారీ. మన డ్రైనేజీకి అందులో సగం పడినా ఎక్కువే.

గోడ మీద మూడు గుర్తులు

మాకు తెలిసిన ఒక కాలనీలో వాళ్లు గేటు పక్క గోడ మీద పెయింట్‌తో మూడు గీతలు గీసుకున్నారు. ఇది నాకు బాగా నచ్చింది. ఏ గీత దాకా నీళ్లొస్తే ఏ పని చేయాలో ముందే అనుకుంటారు, ఆ టైంలో వాదన ఉండదు.

మొదటి గీత, రోడ్డు మీది నీళ్లు గేటును తాకడం. అప్పటికే బండ్లు ఎత్తైన చోటుకు చేరి ఉండాలి. సెల్లార్ పార్కింగ్ ఉన్న అపార్ట్‌మెంట్లలో ఆరెంజ్ అలర్ట్ రోజే కార్లు పైకి తెచ్చేయండి. సెల్లార్‌లోకి నీళ్లు రావడం మొదలయ్యాక అందులోకి ఎవరూ, దేనికోసమూ దిగకూడదు. నీళ్లు చూస్తుండగానే నిండుతాయి, తలుపు తెరుచుకోదు, పైగా అక్కడే మీటర్లు, మోటార్లు ఉంటాయి. లిఫ్టును పై అంతస్తులో ఆపి స్విచ్ తీసేయండి.

రెండో గీత, నీళ్లు మొదటి మెట్టు ఎక్కడం. అప్పుడు మెయిన్ ఆఫ్ చేయాలి. చాలామంది ఇక్కడ ఒక సంగతి మర్చిపోతారు. మెయిన్ తీసేసినా ఇన్వర్టర్ నుంచి వైర్లలోకి కరెంటు వస్తూనే ఉంటుంది. కాబట్టి ఇన్వర్టర్ కూడా ఆపాలి. చేతులు పొడిగా, కాళ్ల కింద నేల పొడిగా ఉంటేనే బోర్డు ముట్టుకోవాలి. బోర్డే తడిసిపోతే దూరంగా ఉండి 1912కు ఫోన్ చేసి లైన్ ఆపమనండి. సిలిండర్ రెగ్యులేటర్ ఆపేయండి. సిలిండర్ నీళ్లలో తేలుతుంది కాబట్టి తాడుతో కిటికీ చువ్వకు కట్టడం మంచిది.

మూడో గీత, గుమ్మం. అప్పటికి మనుషులంతా పై అంతస్తులో ఉండాలి. ఫ్రిజ్, సోఫా, బియ్యం బస్తా ఏదైనా సరే, ఆ టైంలో ఇక వాటి జోలికి పోవద్దు.

కాంపౌండ్ గోడ విషయం గట్టిగా చెప్పాలి. 2020లో బండ్లగూడలో గోడ కూలి ఇళ్ల మీద పడి మనుషులు చనిపోయారు. నానిన మట్టి వెనక నుంచి తోస్తుంటే గోడ చప్పుడు లేకుండా పడిపోతుంది. పగుళ్లున్నా, ఒకవైపు ఒరిగినా, అడుగున నీళ్లు పోయే బెజ్జాలు మూసుకుపోయినా ఇప్పుడే మేస్త్రీని పిలిచి చూపించండి. బాగుచేసేదాకా ఆ గోడవైపు గదిలో వాన రాత్రులు ఎవరినీ పడుకోబెట్టొద్దు.

ఒక బ్యాగు, ఒక కాగితం

బ్యాగు అంటే కొత్తది కొనక్కర్లేదు. పిల్లల పాత స్కూల్ బ్యాగు చాలు. టార్చి, ఛార్జ్ చేసిన పవర్ బ్యాంకు, విజిల్, పాత కళ్లజోడు, ఒక్కో జత బట్టలు, ప్యాడ్‌లు, చంటిపిల్లలుంటే డైపర్లు, పాలపొడి. బీపీ, షుగర్, థైరాయిడ్ మందులు వారానికి సరిపడా. చీటీ ఫొటో ఒక్కటే ఉంటే చాలదు, మందులే ఉండాలి. ఇన్సులిన్ వాడేవాళ్లు, ఫ్రిజ్ పనిచేయకపోతే ఎన్ని రోజులు బయట పెట్టుకోవచ్చో డాక్టర్ని ఇప్పుడే అడిగి డబ్బా మీద రాసుకోండి. చిల్లర నోట్లు కూడా పెట్టండి, టవర్ పోతే ఫోన్‌పే పనిచేయదు.

తిండికి అటుకులు, మరమరాలు, పల్లీలు, బెల్లం, బిస్కెట్లు. పొయ్యి వెలిగించకుండా కడుపు నిండేవి ఏవైనా సరే. తాగే నీళ్లు మనిషికి రోజుకు మూడు లీటర్ల చొప్పున మూడు రోజులకు. నలుగురున్న ఇంటికి 20 లీటర్ల క్యాన్లు రెండు పెడితే సరిపోతుంది.

ఇంటి కాగితాలు, సర్టిఫికెట్లు జిప్ కవర్లో పెట్టి పై అంతస్తులోనో, అటక మీదో ఉంచండి. ఆధార్, లైసెన్స్ లాంటివి డిజిలాకర్‌లో ఉంటే అసలు తడిసినా టెన్షన్ ఉండదు.

కాగితం ఫ్రిజ్ తలుపుకు అంటించండి. పెద్ద అక్షరాలతో, తాతయ్య కళ్లజోడు లేకుండా చదవగలిగేలా. ఏ సాయానికైనా 112, అంబులెన్సుకు 108, ఫైర్‌కు 101, కరెంటుకు 1912, గ్యాస్ లీకైతే 1906, నీళ్లు, మురుగు సమస్యకు 155313, జీహెచ్ఎంసీకి 040-21111111. వాటి కింద ఇద్దరు చుట్టాల నంబర్లు, ఒకరు వేరే ఊళ్లో ఉండేవాళ్లైతే మేలు. ఇంట్లోవాళ్లు తలోచోట చిక్కుకుంటే అందరూ ఆ ఒక్కరికే ఫోన్ చేసి క్షేమం చెప్పాలి. దాని కింద ఎవరి పని ఏంటో పేర్లతో సహా రాయండి. నాన్న మెయిన్, అమ్మ మందులు, అక్క నానమ్మను, చిన్నోడు టార్చి. చిన్నపిల్లలకు కూడా ఒక పని ఇవ్వండి. చేతిలో పనుంటే పిల్లలు ఏడవరు.

ఆ ఆదివారం సాయంత్రమే ఒకసారి లైట్లన్నీ ఆర్పేసి, అందరూ తమ పని చేసి మేడ మీదకు చేరండి. పిల్లలకు అది ఆటలా ఉంటుంది, మనకేమో ఎక్కడ ఆలస్యమవుతోందో తెలుస్తుంది.

కింది గదిలో ఉండేవాళ్లు

మన అపార్ట్‌మెంట్లలో అందరికంటే ముందు నీళ్లు చేరేది వాచ్‌మన్ కుటుంబం గదిలోకి. పార్కింగ్ పక్కనో, మెట్ల కిందో ఒకే గదిలో భార్యాభర్తలు, ఇద్దరు పిల్లలు నేల మీద పడుకుని ఉంటారు. అర్ధరాత్రి మోటార్ ఆపడానికి, గేటు తీయడానికి మనం పిలిచేది కూడా ఆయన్నే. వాళ్లు ఎవరింటికి రావాలన్నది అసోసియేషన్ మీటింగ్‌లో ముందే అనుకోవాలి. అంతకంటే మంచి పని, మీరే దిగి వెళ్లి, "చెల్లీ, నీళ్లొస్తున్నట్టు అనిపిస్తే పిల్లల్ని తీసుకుని సీదా మా ఇంటికొచ్చేయండి, బెల్ కొట్టడానికి మొహమాటపడొద్దు, మా హాల్లో పడుకుందురు" అని చెప్పడం. వాళ్ల పిల్లల పుస్తకాలు, రేషన్ కార్డు, ఆధార్ కూడా ఒక కవర్లో పెట్టి పైన ఉంచుకోమనండి. ఆ పిలుపు ముందే అందితే ఆ తల్లి ఆ రాత్రి పిల్లల్ని చంకనేసుకుని మెట్ల మీద తటపటాయిస్తూ నిలబడదు.

అలాగే గ్రౌండ్ ఫ్లోర్‌లో ఒంటరిగా ఉండే పెద్దవాళ్లు, మంచం దిగలేనివాళ్లు, నెలలు నిండిన ఆడపిల్లలు ఎవరున్నారో గల్లీ మొత్తానికి తెలియాలి. కుర్చీలో కూర్చోబెట్టి ఎత్తడానికి ఏ ఇద్దరు వస్తారో పేర్లు అనుకోండి. గర్భిణి ఉంటే రెడ్ అలర్ట్ రాగానే ఆసుపత్రికి దగ్గర్లో ఉన్న చుట్టాలింటికి పంపించేయడం మంచిది.

సంపు, నీళ్లు

మన సంపులు నేల మట్టానికే ఉంటాయి. రోడ్డు నీళ్లు, మురుగు కలిసి అందులోకి దిగితే ఇల్లంతా ఆ నీళ్లే. ఎండగా ఉన్నప్పుడే సంపు మూత చుట్టూ రెండు మూడు వరసల ఇటుక కట్టించండి, ఖర్చు తక్కువ. పెద్ద వాన చెప్పగానే పై ట్యాంకు నింపి మోటార్ ఆపేయండి. సంపులోకి బురద నీళ్లు వెళ్లాయనిపిస్తే, తోడించి, కడిగించి, బ్లీచింగ్ చేయించేదాకా ఆ నీళ్లు పైకి ఎక్కించొద్దు. తాగే నీళ్లు తెర్లేదాకా మరిగించి చల్లార్చుకోండి. విరేచనాలు పట్టుకుంటే, ఓఆర్‌ఎస్ ప్యాకెట్ లేకపోతే, లీటరు మరిగించిన నీళ్లలో ఆరు చెంచాల చక్కెర, అర చెంచా ఉప్పు, రెండూ టీస్పూను తలకొట్టి వేసి కలిపి తాగించండి.

బయట చిక్కుకుంటే

ఆఫీసులోనే ఉండిపోగలిగితే ఉండిపోండి. అరడుగు లోతు నీళ్లు జోరుగా పారుతుంటే పెద్దమనిషి కూడా కాలు జారతాడు, రెండడుగులైతే కార్లే కొట్టుకుపోతాయి. కరెంటు స్తంభాలకు, ట్రాన్స్‌ఫార్మర్లకు దూరంగా నడవండి. నీళ్లు త్వరగా పోవాలని మ్యాన్‌హోల్ మూత తీయడం మన దగ్గర ఉన్న అలవాటు. దయచేసి మానుకోవాలి, ఎవరైనా తీస్తుంటే ఆపాలి. నీళ్ల కింద ఆ గుంత ఎవరికీ కనిపించదు. బండి నీళ్లలో ఆగిపోతే మళ్లీ స్టార్ట్ చేయకండి. ఇంజన్‌లోకి నీళ్లు లాగేస్తుంది, మామూలు ఇన్సూరెన్స్ చాలావరకు ఆ నష్టం ఇవ్వదు.

నీళ్లు తీసిన తర్వాత

ఇల్లు కడగడం మొదలుపెట్టే ముందు ప్రతి గదినీ ఫొటోలు తీసుకోండి, పరిహారానికీ ఇన్సూరెన్స్‌కూ అవే ఆధారం. ఎలక్ట్రీషియన్ చూసేదాకా మెయిన్ వేయొద్దు. బురదలోకి చెప్పులు, వీలైతే బూట్లు వేసుకునే దిగండి. పాములు మంచాల కింద, బట్టల మూటల్లో చేరి ఉంటాయి, కర్రతో కదిపి చూశాకే చెయ్యి పెట్టండి. పాము కరిస్తే కట్లు కట్టడం, కోయడం వద్దు, కదలనివ్వకుండా వెంటనే పెద్దాసుపత్రికి తీసుకెళ్లండి. మురుగునీళ్లలో నడిచినవాళ్లకు వారం పది రోజుల్లో జ్వరం, ఒళ్లునొప్పులు వస్తే, నీళ్లలో తిరిగిన సంగతి డాక్టర్‌కు తప్పకుండా చెప్పండి. ఎలుకల మూత్రం వల్ల వచ్చే జ్వరానికి, డెంగీకి వైద్యం వేరువేరు.

దీపావళి అయ్యాక బ్యాగు విప్పేయొద్దు. అటుకులు, బిస్కెట్లు తినేసి కొత్తవి పెట్టండి, మందుల తేదీలు చూడండి, పవర్ బ్యాంకు నెలకోసారి ఛార్జ్ చేయండి. ఎండాకాలం గాలిదుమారానికి కరెంటు పోయినా ఆ టార్చే కావాలి.