టెంప్లేట్ తెచ్చుకున్నాక మొదటి గంట

ఒకసారి క్లయింటుకు డెమో చూపిస్తున్నాను. లాగిన్ పనిచేస్తోంది, డేటా వస్తోంది, అంతా సవ్యంగానే ఉంది. ఆయన చూపు మాత్రం బ్రౌజర్ ట్యాబ్ మీదే ఉంది. "వీట్ ప్లస్ రియాక్ట్ అంటే ఏంటండీ, మీ కంపెనీ పేరా?" అన్నాడు. మూడు నెలలు ఆ ప్రాజెక్టులోనే మునిగి ఉన్నాను, టెంప్లేట్‌తో, అంటే కొత్త వెబ్ యాప్ మొదలుపెట్టడానికి రెడీగా దొరికే కోడ్‌తో, వచ్చిన టైటిల్ మాత్రం మార్చలేదు. అప్పటినుంచి కొత్త ప్రాజెక్టు ఏదైనా సరే, మొదటి గంట సొంత కోడ్ ఒక్క లైను కూడా రాయను. ఆ గంటలో ఏం చేస్తానో చెబుతాను.

ముందు టెంప్లేట్ ఎంపిక. లాగిన్, డేటాబేస్, పేమెంట్లు, ఈమెయిల్ అన్నీ కలిపి ఇచ్చేవి దొరుకుతాయి. చూడగానే నోరూరుతుంది. కానీ అందులో సగం మీకు అక్కరలేదు, ఆ సగాన్ని పీకడానికే వారం పడుతుంది. నా ఓటు బోసి టెంప్లేట్‌కే. ఏది తీసుకున్నా దాని లైసెన్సు, చివరి కమిట్ తేదీ చూడండి (కోడ్ మార్పుల చరిత్రను దాచే గిట్ అనే టూల్‌లో భద్రపరిచిన ఒక్కో మార్పు ఒక కమిట్). ఉదాహరణకు క్రియేట్ రియాక్ట్ యాప్ సంగతి చూడండి, రియాక్ట్ (వెబ్ పేజీలు కట్టే జావాస్క్రిప్ట్ లైబ్రరీ) ప్రాజెక్టులను ఒకప్పుడు అందరూ దానితోనే మొదలుపెట్టేవాళ్లు. 2025 ఫిబ్రవరిలో రియాక్ట్ బృందమే కొత్త యాప్‌లకు దాన్ని వాడొద్దని చెప్పింది. పాత పాఠాలు మాత్రం ఇంకా దాన్నే నేర్పుతున్నాయి.

నేను ఎక్కువగా వాడేది వీట్, వెబ్ ప్రాజెక్టును తయారుచేసి నడిపే టూల్. వైట్ కాదు, వీట్. ఫ్రెంచిలో త్వరగా అని అర్థం. నోడ్ (బ్రౌజర్ బయట జావాస్క్రిప్ట్ నడిపేది) ఎల్‌టీఎస్ (ఎక్కువకాలం సపోర్టు ఉండే) వెర్షన్ ఉందో లేదో చూసుకుని, టెర్మినల్‌లో ఎన్‌పీఎం (నోడ్‌తో వచ్చే, ప్యాకేజీలు తెచ్చే టూల్) క్రియేట్ వీట్ కమాండ్ ఇస్తే ప్రాజెక్టు పేరు, ఫ్రేమ్‌వర్క్, జావాస్క్రిప్టా, టైపుల తప్పుల్ని ముందే పట్టే టైప్‌స్క్రిప్టా అని అడుగుతుంది. పేరు అన్నీ చిన్న అక్షరాల్లో, ఖాళీలు లేకుండా ఇవ్వండి. గిట్‌హబ్‌లో ఎవరో పెట్టిన టెంప్లేట్ అయితే ఫోర్క్ (చరిత్రతో సహా నకలు) చేయకండి. యూజ్ దిస్ టెంప్లేట్ అనే బటన్ ఉంటే అది నొక్కండి. ఫోర్క్ చేస్తే వాళ్ల కమిట్ చరిత్రంతా మీ నెత్తికెక్కుతుంది, ఈ బటన్‌తో కొత్త రెపో (ప్రాజెక్టు కోడ్, దాని చరిత్ర ఉండే చోటు) శుభ్రంగా మొదలవుతుంది.

తర్వాత ప్యాకేజీలు, అంటే మన ప్రాజెక్టు వాడుకునే ఇతరుల కోడ్. టెంప్లేట్‌తో పాటు లాక్ ఫైల్ (ఏ ప్యాకేజీకి కచ్చితంగా ఏ వెర్షనో రాసి ఉండేది) వచ్చి ఉంటే ఎన్‌పీఎం ఇన్‌స్టాల్ బదులు ఎన్‌పీఎం సీఐ వాడండి. టెంప్లేట్ రాసినవాళ్ల దగ్గర ఏ వెర్షన్లు పనిచేశాయో అవే మీకూ వస్తాయి. లాక్ ఫైల్ రాకపోతే ఇన్‌స్టాల్ చేయగానే అదే పుడుతుంది, దాన్ని కమిట్ చేయండి. చివర్లో భద్రతా హెచ్చరికలు కనిపిస్తే కంగారుపడి ఆడిట్ ఫిక్స్‌కి ఫోర్స్ తగిలించకండి. అది కొన్ని ప్యాకేజీలను ఏకంగా పెద్ద వెర్షన్‌కి మార్చేయగలదు, అప్పుడు ఇంకా రాయని కోడ్‌కి బగ్గులు వెతుక్కోవాలి.

ఇప్పుడు ఏమీ మార్చకుండా నడపండి. వీట్ అయితే 5173 పోర్టులో (మీ కంప్యూటర్లో ఆ సర్వర్ చిరునామా చివర ఉండే నంబరు) పేజీ తెరుచుకుంటుంది. 2022లో మూడో వెర్షన్ వచ్చేదాకా అది 3000. ఈ మార్పుతో నేను ఒక పూట పోగొట్టుకున్నాను. మా బ్యాకెండ్ (సర్వర్ వైపు కోడ్) 3000 నుంచి వచ్చే కాల్స్‌నే ఒప్పుకునేలా రాసి ఉంది, బ్రౌజరేమో కార్స్ ఎర్రర్ (సర్వర్ ఒప్పుకోని చిరునామా నుంచి కాల్ వెళ్తే వచ్చేది) చూపిస్తోంది, నేనేమో లాగిన్ కోడ్ తవ్వుతున్నాను!

పేజీ వచ్చిందని ఆగొద్దు, బిల్డ్ కూడా చేసి, అంటే సర్వర్‌కి ఎక్కించే తుది ఫైళ్లు తయారుచేసి, ప్రివ్యూలో చూడండి. అది 4173లో వస్తుంది. ఇందాక నడిపిన డెవ్ సర్వర్ టైప్‌స్క్రిప్ట్ తప్పుల్ని పట్టించుకోదు, బిల్డ్‌లో అవే అడ్డం తిరుగుతాయి. రెండూ నడిచాక, కింద చెప్పే రహస్యాల సంగతి చూసుకుని, గిట్ ఇనిట్ చేసి మొదటి కమిట్ పెట్టేయండి. రేపు ఏదైనా చెడితే, తప్పు టెంప్లేట్‌దా మీదా అని తేల్చేది ఈ కమిటే.

రహస్యాల సంగతి కాస్త నిదానంగా చదవండి. టెంప్లేట్‌లో గిట్‌ఇగ్నోర్ (గిట్ పట్టించుకోకూడని ఫైళ్ల జాబితా) ఉంది కదా, కీలు, పాస్‌వర్డ్‌లు పెట్టుకునే డాట్ ఎన్వ్ ఫైల్‌ని అదే ఆపుతుందని నేను అనుకున్నాను. తెరిచి చూడలేదు. వీట్ ఇచ్చే గిట్‌ఇగ్నోర్‌లో ఎన్వ్ ఫైళ్లలో లోకల్ అని ముగిసేవే ఉంటాయి, ఉత్త డాట్ ఎన్వ్ ఉండదు. నా ఏపీఐ కీ (బయటి సర్వీసును వాడుకోవడానికి ఇచ్చే రహస్య కోడ్) నేరుగా రెపోలోకి వెళ్లిపోయింది. తర్వాత గిట్‌ఇగ్నోర్‌లో చేర్చినా లాభం లేదు, అప్పటికే కమిట్ అయిన ఫైల్‌ని గిట్ వదలదు. ఫైల్ తీసేసినా పాత కమిట్లలో కీ అలాగే ఉంటుంది. ఆ కీని రద్దు చేసి కొత్తది తెచ్చుకున్నాకే టెన్షన్ తగ్గింది. కాబట్టి మొదటి కమిట్‌కి ముందే గిట్‌ఇగ్నోర్ తెరవండి, డాట్ ఎన్వ్ అని ఒక లైను చేర్చండి. కీల పేర్లు మాత్రమే ఉండి విలువలు ఖాళీగా ఉన్న నమూనా ఫైల్ ఒకటి రెపోలో పెట్టండి. ఇంకో మెలిక ఉంది. పేరు ముందు వీట్ అనే ప్రిఫిక్స్ ఉన్న వేరియబుల్స్‌ని బ్రౌజర్ కోడ్‌లో వాడితే వాటి విలువలు బిల్డ్‌లోకి వెళ్లిపోతాయి, ఎవరైనా చూడగలరు. డేటాబేస్ పాస్‌వర్డ్‌కి అక్కడ చోటు లేదు.

పేర్లు మార్చడం పది నిమిషాల పని: ప్యాకేజ్ డాట్ జేసన్‌లో పేరు, హెచ్‌టీఎంఎల్‌లో టైటిల్, ట్యాబ్ బొమ్మ, రీడ్‌మీ. నమూనా కౌంటర్ బటన్, లోగోలు తీసేయండి. వాటి స్టైల్స్ కూడా. లేకపోతే మీ బటన్లకు ఎవరూ అడగని గుండ్రటి అంచులు ఎక్కడినుంచి వచ్చాయో తెలియక తల పట్టుకుంటారు. ఇది రెండో కమిట్.

ఆ ఖాళీ యాప్‌నే ఆ రోజే సర్వర్‌కి ఎక్కిస్తాను. ఖాళీ పేజీని డిప్లాయ్ చేయడమేంటని నవ్వినవాళ్లున్నారు. కానీ నా మ్యాక్‌లో ఫైల్ పేరు పెద్ద అక్షరంతో ఉన్నా, ఇంపోర్ట్‌లో చిన్న అక్షరంతో రాసినా నడిచిపోతుంది, లైనక్స్ సర్వర్‌లో నడవదు. ఒక ప్రాజెక్టులో ఆ తేడా నలభై ఫైళ్లు రాశాక బయటపడింది. ఇప్పుడైతే డిప్లాయ్ మొదటి రోజునుంచే నడుస్తుంటుంది కాబట్టి, అలాంటి ఇంపోర్ట్ రాస్తే ఆ సాయంత్రమే బిల్డ్ ఆగిపోతుంది, ఒక్క అక్షరం దిద్ది మళ్లీ పుష్ చేస్తాను.