ఎడారిలో కౌబాయ్ ఊరు: పయనీర్‌టౌన్‌లో రాత్రి బస ఎలా ప్లాన్ చేస్కోవాలి?

లాస్ ఏంజెలిస్, అర్వైన్, శాన్ డియాగో వైపు ఉండే మనవాళ్లు లాంగ్ వీకెండ్ వచ్చిందంటే వెగాస్ అంటారు, లేదంటే గ్రాండ్ కాన్యన్ అంటారు, ఇండియా నుంచి అమ్మానాన్నలు వచ్చినా అదే రూటు. లాస్ ఏంజెలిస్ నుంచి రెండు, రెండున్నర గంటల దూరంలోనే, ఎడారి కొండల మధ్య, సినిమాల కోసం కట్టిన ఒక కౌబాయ్ ఊరుందని, అక్కడ రాత్రి ఉండొచ్చని చాలామందికి తెలీదు. ఆ ఊరు పేరు పయనీర్‌టౌన్. వెళ్లొచ్చినవాళ్ల రివ్యూలు చూస్తే మాత్రం తికమకగా ఉంటుంది, ఒకరు జన్మలో మర్చిపోలేమంటారు, ఇంకొకరు అదే బసకి డబ్బులు దండగ అని రాస్తారు. తేడా అంతా ఏం ఆశించి వెళ్లారు, ఏం సర్దుకుని వెళ్లారు అన్నదాన్లోనే ఉంది, అందుకే ఇదంతా వివరంగా రాస్తున్నా.

స్టెప్ 1: ఆ ఊరేంటో ముందు తెలుసుకోండి

1946లో డిక్ కర్టిస్ అనే నటుడి ఆలోచనతో, రాయ్ రోజర్స్, జీన్ ఆట్రీ లాంటి అప్పటి కౌబాయ్ స్టార్లు కూడా చెయ్యేసి కట్టిన ఊరిది. బయటి నుంచి చూస్తే 1880ల నాటి ఊరు, బ్యాంకు, జైలు, గుర్రాల కొట్టం అన్నీ ఉంటాయి, కానీ ఉత్త సెట్ కాదు, మనుషులు కాపురం ఉండేలా కట్టారు. 1940లు, 50లలో యాభైకి పైగా సినిమాలు, టీవీ షోలు ఇక్కడ తీశారు. కృష్ణ గారు 1971లో కౌబాయ్ టోపీ పెట్టి రాజస్థాన్ ఎడారిలో గుర్రమెక్కిన దగ్గర్నుంచి మనకి ఈ లోకం పరిచయమే కదా, ఆ చెక్క వరండాలు, దుమ్ము వీధి, వాటి అసలు తావు ఇలాంటి చోటే అన్నమాట.

ఇక్కడ అసలు విషయం ఏంటంటే, ఈ ఊళ్లో ఉన్న మోటెల్ కూడా ఆ షూటింగుల రోజులదే. పగలంతా ఎండలో పనిచేసి వచ్చినవాళ్లు రాత్రి నడుం వాల్చడానికి కట్టిన గదులు, అంతే. కాబట్టి గది చిన్నగా ఉంటుంది, గోడ పక్కనే పక్క గది, కారు నేరుగా గుమ్మం ముందు ఆగుతుంది, లాబీ, లిఫ్టు, స్విమ్మింగ్ పూల్ లాంటివి ఊహించుకోకండి. మీరు కట్టే డబ్బు గది సైజుకి కాదు, గది తలుపు తీస్తే కనపడేదానికి. ఇది ఒప్పుకోగలిగితేనే బుక్ చేయండి, ఇంట్లోవాళ్లకి కూడా ముందే చెప్పండి.

స్టెప్ 2: రివ్యూలు చదివే పద్ధతి

స్టార్లు లెక్కపెట్టకండి, నెల చూడండి. జనవరిలో ఉన్నాయన "చలికి వణికిపోయాం" అంటాడు, జూలైలో ఉన్నావిడ "పగలు బయట అడుగు పెట్టలేకపోయాం" అంటుంది, ఇద్దరిదీ నిజమే. మీరు వెళ్లే నెలలో ఉన్నవాళ్ల రివ్యూలే వెతికి చదవండి. ఆ తర్వాత ఏ వారం వెళ్లారో చూడండి, శనివారం రాత్రి శబ్దం గురించి రాసినది మంగళవారం వెళ్లేవాళ్లకి పెద్దగా పనికిరాదు.

ఇలాంటి ఎడారి బసలకి ఎక్కువగా వచ్చే కంప్లయింట్లు దాదాపు ఒకటే రకం: గది చిన్నది, గోడలు పల్చన, వైఫై నీరసం, ఫోన్ సిగ్నల్ సరిగా లేదు, రేటు ఎక్కువ. ఇవి చదివి భయపడక్కర్లేదు, చోటుని బట్టి వచ్చేవే అవి. భయపడాల్సినవి వేరే ఉన్నాయి, పక్క దుప్పట్లు శుభ్రంగా లేవు, వేడి నీళ్లు రాలేదు, హీటర్ పని చేయలేదు, ఫోన్ చేస్తే ఎవరూ ఎత్తలేదు, ఇలాంటివి ఈమధ్య రివ్యూల్లో పదేపదే కనపడితే ఆ చోటు వదిలేయండి, ఎంత అందమైన ఫొటోలున్నా సరే.

స్టెప్ 3: తేదీ ఎంచుకోవడం, సగం ట్రిప్పు ఇక్కడే తేలిపోతుంది

పయనీర్‌టౌన్ సుమారు 4,000 అడుగుల ఎత్తులో ఉంటుంది, కింద ఉన్న పామ్ స్ప్రింగ్స్ కంటే చల్లగా ఉంటుంది, అయినా ఎండాకాలం ఎండాకాలమే. మార్చి నుంచి మే మొదటి వారాల దాకా, మళ్లీ అక్టోబర్, నవంబర్, ఇవి హాయి. చలికాలం రాత్రుళ్లు నీళ్లు గడ్డకట్టేంత చలి పడుతుంది, అప్పుడప్పుడు మంచు కూడా కురుస్తుంది. జూలై నుంచి సెప్టెంబర్ మధ్య ఉన్నట్టుండి ఉరుములతో వాన పడి ఎండిన వాగుల్లో నీళ్లు ఉరికొస్తాయి, అప్పుడు రోడ్డు మీద నీళ్లు పారుతుంటే కారు దింపొద్దు.

ఇక చంద్రుడు. ఇది చాలామంది పట్టించుకోరు. పౌర్ణమి నాడు వెళ్తే వెన్నెల బాగుంటుంది గానీ నక్షత్రాలు సగానికి సగం కనపడవు. మన క్యాలెండర్ తీసి అమావాస్య చూసి దానికి రెండు మూడు రోజులు అటూ ఇటూ బుక్ చేయండి. ఇండియా నుంచి వచ్చిన పెద్దవాళ్లు అమావాస్య నాడు ప్రయాణమా అంటారు, వాళ్ల మాట కాదనకుండా ముందు రోజు బయల్దేరండి, రాత్రికి ఆకాశం ఎలాగూ నల్లగానే ఉంటుంది. పాలపుంత నడిబొడ్డు చూడాలంటే ఏప్రిల్ నుంచి సెప్టెంబర్ దాకా మంచిది, ఆగస్టు 12, 13 తేదీల్లో, డిసెంబర్ 13, 14 తేదీల్లో ఉల్కలు బాగా రాలతాయి.

ఇంకోటి, మోటెల్‌కి నడిచెళ్లే దూరంలోనే పాపీ అండ్ హారియెట్స్ అని పేరున్న రెస్టారెంటు, మ్యూజిక్ వేదిక ఉంది, 2016 అక్టోబర్‌లో పాల్ మెకార్ట్‌నీ వచ్చి ఆ చిన్న హాల్లో పాడిపోయాడు, అంత పేరున్న చోటు. అక్కడ షో ఉన్న రాత్రి ఊరంతా జనం, పాట రాత్రి పొద్దుపోయేదాకా వినపడుతుంది. పాట కోసం వెళ్లేవాళ్లకి అది పండగ, నిశ్శబ్దం కోసం వెళ్లేవాళ్లకి, చిన్న పిల్లలున్నవాళ్లకి కాదు. వాళ్ల షోల క్యాలెండర్ చూశాకే గది బుక్ చేయండి. నన్నడిగితే ఆదివారం రాత్రో సోమవారం రాత్రో వెళ్లండి, రేటు తగ్గే అవకాశం ఉంటుంది, వీధి ఖాళీగా మీదే.

స్టెప్ 4: బుక్ చేసే ముందు అడగాల్సినవి

మెసేజ్ పెట్టి అడిగేయండి, మొహమాటం వద్దు. హీటర్, ఏసీ రెండూ ఉన్నాయా, ఫ్రిజ్, మైక్రోవేవ్, కెటిల్ ఉన్నాయా, రాత్రి లేటుగా వస్తే తాళం ఎలా, తలుపు కోడ్ ముందే పంపిస్తారా, టాక్సులు ఫీజులు కలిపి కట్టాల్సింది మొత్తం ఎంత, క్యాన్సిల్ చేస్తే ఎంత వెనక్కొస్తుంది. పెద్దవాళ్లుంటే బాత్రూమ్ సంగతి ప్రత్యేకంగా అడగండి, టబ్బు ఎక్కి దిగాలా లేక షవర్ నేల మట్టానికి ఉందా అని.

గదిలో వంట చేయొచ్చా అని కూడా అడగండి. ఒప్పుకోకపోతే ఇండక్షన్ స్టవ్ ఇంట్లోనే వదిలేయండి. అంత చిన్న గదిలో తాలింపు వేస్తే ఆ ఘాటుకి పొగ అలారం మోగడం ఖాయం, అర్ధరాత్రి అందర్నీ లేపినట్టవుతుంది.

స్టెప్ 5: దారి, సామాన్లు

లాస్ ఏంజెలిస్ నుంచి 10 ఫ్రీవే మీద తూర్పుకి వెళ్తే శాన్ గోర్గోనియో కనుమ దగ్గర కొండల నిండా గాలిమరలు కనపడతాయి, అక్కడ హైవే 62 ఎక్కి మొరాంగో వ్యాలీ దాటి యక్కా వ్యాలీ చేరతారు. యక్కా వ్యాలీయే మీ ఆఖరి మజిలీ అనుకోండి, పెట్రోలు ఫుల్ చేయించండి, ఎలక్ట్రిక్ కారైతే చార్జింగ్ ఇక్కడే పెట్టుకోండి, నీళ్లు, పాలు, పెరుగు, పళ్లు ఇక్కడే కొనండి. ఇక్కణ్ణుంచి పయనీర్‌టౌన్ రోడ్డు మీద సుమారు నాలుగు మైళ్లు మెలికలు తిరుగుతూ పైకి ఎక్కాలి, వీధి దీపాలుండవు, కుందేళ్లు, కొయోట్లు (నక్కల్లాంటి అడవి జంతువులు) అడ్డం వస్తాయి. పొద్దు గూకకముందే చేరేలా బయల్దేరండి. మ్యాపు ముందే ఫోన్లోకి డౌన్‌లోడ్ చేస్కోండి.

మనిషికి రోజుకి ఒక గాలన్ నీళ్లు, అంటే దాదాపు నాలుగు లీటర్లు, ఇది తగ్గించొద్దు. ఎండాకాలమైనా సరే ఒక స్వెట్టరు, పగటికి రాత్రికి 30 డిగ్రీల ఫారెన్‌హీట్ దాకా తేడా వస్తుంది. పెదాలకి రాసుకునేది, మాయిశ్చరైజరు, టోపీ, మూసి ఉండే బూట్లు. టార్చి తీస్కెళ్తే దాని మీద ఎర్ర కాగితమో ఎర్ర ప్లాస్టిక్కో కట్టండి, ఎందుకో కింద చెప్తా. ఒక పళ్ల దువ్వెన కూడా, అది కూడా కింద చెప్తా.

తిండికొస్తే, అక్కడ మాంసం కాల్చి వడ్డించడానికే పేరు, శాకాహారులకి దొరికేవి తక్కువ. రెస్టారెంటు వారంలో ఏ రోజులు తెరుస్తారో చూసి టేబుల్ ముందే బుక్ చేస్కోండి, లేదంటే యక్కా వ్యాలీకి మళ్లీ కొండ దిగాలి. మా ఇంట్లో అయితే మొదటి రాత్రికి పులిహోర, రెండో పూటకి చపాతీలు, పొడి, ఐస్ బాక్సులో పెరుగన్నం, ఇదే పద్ధతి. మిగిలిన తిండి గది బయట మాత్రం పెట్టొద్దు, కొయోట్లు మరుగుతాయి.

స్టెప్ 6: చేరాక

సాయంత్రం ఎండ వాలాక మేన్ స్ట్రీట్‌లో నడవండి. కార్లు రానివ్వని మట్టి వీధి, చెక్క ముఖాల ఇళ్లు, కొన్నిట్లో చిన్న కొట్లు. కొన్ని సీజన్లలో వారాంతాల్లో ఉత్తుత్తి తుపాకీ కాల్పుల ఆట వేస్తారు, పిల్లలకి నచ్చుతుంది. ఒక్కటి గుర్తుంచుకోండి, ఇప్పటికీ అక్కడ మనుషులు కాపురం ఉంటున్నారు. ఫొటో కోసం ఎవరింటి గుమ్మం ఎక్కడం, కిటికీలోంచి తొంగిచూడటం మర్యాద కాదు.

నిప్పు విషయంలో చాలా జాగ్రత్త. 2006 జూలైలో పిడుగుల వల్ల మొదలైన సాటూత్ అనే కార్చిచ్చు ఈ ఊరి దాకా వచ్చింది, చుట్టుపక్కల ఇళ్లు కాలిపోయాయి, పాత సినిమా వీధి మాత్రం దక్కింది. మోటెల్ వాళ్లు ఒప్పుకున్న చోట తప్ప మంట వేయొద్దు, గాలి ఉంటే అక్కడ కూడా వద్దు.

స్టెప్ 7: రాత్రి, దీనికోసమే వచ్చాం

గదిలో లైట్లన్నీ ఆర్పేయండి, ఫోన్ జేబులో పెట్టేయండి, కుర్చీలు బయట వేస్కుని దుప్పటి కప్పుకుని కూర్చోండి. మొదటి అయిదు నిమిషాలు ఏం లేదనిపిస్తుంది. కళ్లు చీకటికి అలవాటు పడటానికి 20 నుంచి 30 నిమిషాలు పడుతుంది, ఈలోగా ఎవరైనా ఒక్కసారి తెల్ల లైటు వేశారంటే మళ్లీ మొదటికొస్తుంది, ఎర్ర కాగితం అందుకే. ఆ తర్వాత ఒక్కో పొర తెరుచుకున్నట్టు నక్షత్రాలు వస్తూనే ఉంటాయి.

మా నాన్నగారు పగలు గది చూసి "ఏరా, ఇంత డబ్బు కట్టి ఈ కొట్టంలో పడుకోవాలా" అన్నారు. రాత్రి పదకొండింటికి కుర్చీలో వెనక్కి వాలి సప్తర్షి మండలం వేలితో చూపించి, వసిష్ఠుడి పక్కన అరుంధతి కనపడుతోందా అని మనవరాలిని అడుగుతున్నారు, అది కనపడుతోంది తాతయ్యా అంటే, నాకూ కనపడుతోందే అని ఆయన సంబరం. కళ్లజోడు సరిచేసుకుని మళ్లీ మళ్లీ చూశారు. దూరంగా కొయోట్లు గుంపుగా కూశాయి, భయపడలేదు, అరిస్తే అరవనీ అన్నారు.

స్టెప్ 8: తెల్లారాక జాషువా ట్రీ పార్క్

పొద్దున్నే బూట్లు దులిపి వేస్కోండి, తేళ్లు దూరే ప్రాంతం. 1994లో నేషనల్ పార్క్ అయిన జాషువా ట్రీకి పశ్చిమ గేటు నుంచి వెళ్లండి, కారుకి 30 డాలర్లు, వారం రోజులు పనికొస్తుంది, సంవత్సరం పాస్ ఉంటే అదే చాలు. లోపల నీళ్లు దొరకవు, పెట్రోలు లేదు, చాలా చోట్ల సిగ్నల్ లేదు. టైమ్ తక్కువుంటే హిడెన్ వ్యాలీలో ఒక మైలు చుట్టు నడక, తర్వాత 5,185 అడుగుల ఎత్తులో ఉన్న కీస్ వ్యూ, అక్కణ్ణుంచి కింద లోయ, శాన్ ఆండ్రియాస్ భూకంప రేఖ కనపడతాయి.

చోయా కాక్టస్ తోటకి వెళ్తే పిల్లల చెయ్యి వదలొద్దు. చూడ్డానికి ఎండలో మెరుస్తూ మెత్తటి బొచ్చులా ఉంటుంది, కొంచెం రాసుకున్నా ఒక ముక్క ఊడొచ్చి బట్టకో చర్మానికో పట్టేస్తుంది, ముళ్లకి కంటికి కనపడని కొక్కేలుంటాయి. చేత్తో లాగితే ఆ చేతికి గుచ్చుకుంటుంది. దువ్వెన పళ్లు ముక్కకి, చర్మానికి మధ్య దూర్చి ఒక్క ఊపున బయటికి విసిరేయాలి, మిగిలిన ముళ్లు పట్టకారుతో తీయాలి.

జాషువా చెట్లకి ఊయల కట్టడం, కొమ్మ పట్టుకుని వేలాడటం చేయొద్దు, వాటి వేళ్లు పైపైనే ఉంటాయి, కాలిఫోర్నియాలో 2023 నుంచి వాటికోసం ప్రత్యేక చట్టం కూడా ఉంది.

స్టెప్ 9: చెకౌట్ అయ్యాక

మీరూ ఒక రివ్యూ రాయండి, కానీ తర్వాత వెళ్లేవాళ్లకి పనికొచ్చేలా రాయండి. ఏ నెల, ఏ వారం, రాత్రి ఎంత చలి, ఆ రోజు షో ఉందా, గది రోడ్డు వైపా వెనక వైపా, వేడి నీళ్లు ఎంతసేపు వచ్చాయి, పెద్దవాళ్లు బాత్రూమ్‌లో ఇబ్బంది పడ్డారా, శాకాహారం ఏం దొరికింది. తెలుగులో రాసినా పర్లేదు, మనవాళ్లు వెతుక్కునేది ఆ శాకాహారం లైనే.