తేటగా రాద్దాం – 4వ పాఠం: చేసినవాడు ఎక్కడ?

పోయిన పాఠంలో 'యొక్క' తీసేశాం. 'కాలువ యొక్క గట్టు' కాదు, 'కాలువ గట్టు'. దాని గురించి ఇంక చెప్పేదేం లేదు.

ఈసారి 'చేయడం జరిగింది', 'చేయబడింది'. వీటి సంగతి నాకు నేర్పింది మా ఊరి తెలుగు మాస్టారు. గోదావరి డెల్టాలో కాలువ చివరి ఊరు మాది. ఒక సార్వాలో, అంటే తొలకరి పంటకాలంలో, ఊడ్పుల ముందు రైతులు అర్జీ రాసిపెట్టమంటే, డిగ్రీ చదువుతున్నానన్న ఊపులో ఇలా రాశాను:

"శివారు భూములకు నీరు అందించబడుట లేదు. ఎగువన అడ్డుకట్ట వేయడం జరిగినది."

మాస్టారు ఎర్ర సిరాతో రెండు సున్నాలు చుట్టి, "ఎవర్రా వేసింది?" అన్నారు. తెలీదండి అన్నాను.

"జరగరా అంటే పక్కకి తప్పుకోమనేగా? వేయడం జరిగిందంటే, వేసినవాడు పక్కకి జరిగిపోయాడని. వెళ్లి చూసిరా."

సైకిలేసుకుని గట్టు వెంట వెళ్లాను. పై తూము దగ్గర తాటిదుంగ, దాని మీద గడ్డిమోపులు. వేసింది మా బాబాయి! అర్జీ ఇవ్వాల్సిన పనే లేకపోయింది. సాయంత్రానికి నాన్న వెళ్లి తీయించాడు. బాబాయి మాత్రం నాతో నెల్లాళ్లు మాట్లాడలేదు. ఆ కాగితం ఇంకా నా దగ్గరే ఉంది.

ఇక పద్ధతి. 'వేయడం జరిగింది'లో అసలు పని 'వేయడం'. దాన్ని క్రియగా మార్చి, ఎవరు అని అడగండి. తెలిస్తే చెప్పండి: 'లస్కరు తలుపులు ఎత్తాడు' (కాలువ నీటిని చూసుకునే ఉద్యోగి లస్కరు). తెలియకపోతే 'ఎత్తారు' చాలు, మన క్రియ చివరే మనిషి ఉంటాడు. తెలిసీ 'ఎత్తారు' అంటే మాత్రం అదీ దాపరికమే.

'1852లో ధవళేశ్వరం ఆనకట్ట నిర్మించబడింది' అని రాస్తే కాటన్ దొరా కనపడడు, రాళ్లు మోసిన కూలీలూ కనపడరు. 'కాటన్ కట్టించాడు' అనండి. 'కట్టాడు' కాదు. ఆ 'ఇంచు'లోనే కూలీలకు చోటుంది. ఇదీ మాస్టారు చెప్పిందే.

అలాగని 'జరుగు' మీద పగ పట్టకండి. 'కనుమనాడు కోనసీమ జగ్గన్నతోటలో ప్రభల తీర్థం జరుగుతుంది' నిక్షేపంలాంటి వాక్యం. 11 మంది రుద్రుల ప్రభలు (జనం భుజాల మీద మోసుకొచ్చే, అలంకరించిన ఎత్తైన చట్రాలు) వచ్చి చేరే తీర్థాన్ని ఏ ఒక్కరు చేశారంటాం?

అభ్యాసం: "దాళ్వాకు (రెండో పంటకు) వంతులవారీగా నీరు ఇవ్వడం జరుగుతుందని తెలియజేయడమైనది." ఇందులో ఇద్దరు దాక్కున్నారు. బయటికి పిలిచి, తిరగరాయండి. వచ్చే పాఠం 'ద్వారా'.