పాత ఇత్తడి సామాను ఆన్‌లైన్‌లో అమ్మే ముందు జాగ్రత్తలు

• ముందు వయసు తేల్చుకోండి. నూరేళ్లు దాటిన విగ్రహాలు, కళాఖండాలు 1972 నాటి పురావస్తువుల చట్టం కిందకు వస్తాయి. వాటి వ్యాపారానికి లైసెన్సు ఉండాలి. సొంతంగా విదేశాలకు పంపడం నేరం.

• ఎక్కడిదో చెప్పలేని దేవతా విగ్రహం ఎంత చవకగా వచ్చినా కొనవద్దు. అది ఏ ఊరి గుడి సొత్తో!

• చింతపండుతో తోమి తళతళలాడించకండి. ఏళ్ల తరబడి పట్టిన ఆ ముదురు ఛాయ కోసమే పాతవస్తువుల ప్రియులు ఎక్కువ ధర పెడతారు. పొడిగుడ్డతో దుమ్ము తుడిస్తే చాలు.

• ఫొటోలు పగటి వెలుతురులో తీయండి. మరచెంబు మూత సరిగా బిగుస్తోందా, అడుగున చిల్లికి మాటు (అతుకు) వేశారా, అంచు మీద ఎవరి పేరైనా చెక్కి ఉందా, అన్నీ దగ్గరగా చూపండి. సొట్టను దాచడమంటే కొనేవారిని మోసగించడమే. బరువు, ఎత్తు తప్పక రాయండి.

• డబ్బు అందుకోవడానికి యూపీఐ పిన్ అవసరం లేదు. పిన్ కొట్టమన్నా, క్యూఆర్ కోడ్ స్కాన్ చేయమన్నా వెంటనే బేరం ఆపేయండి.

• వస్తువు పంపేటప్పుడు దాని మూతను విడిగా చుట్టండి. పెట్టె మూసేటప్పుడు వీడియో తీసి, వస్తువు చేరేదాకా దాచుకోండి.