ఫుల్ ట్యాంకు నుంచి ఫుల్ ట్యాంకుకు: స్ప్రెడ్‌షీట్‌లో బండి మైలేజీ లెక్క

శ్రీకాకుళం నుంచి ఆమదాలవలసకు రోజూ మోటారు సైకిలు మీద వెళ్లివచ్చే నేను, బండి ఎంత ఇస్తోందని ఎవరు అడిగినా నలభై అయిదని ఠక్కున చెప్పేవాణ్ణి. ఆ అంకె బండి కొన్నప్పుడు విన్నదే తప్ప నేను కొలిచింది కాదు. కొలవడానికి కావలసినవి బంకు బిల్లు, ఓడోమీటరు రీడింగు, ఫోనులో ఒక గూగుల్ షీటు మాత్రమే.

షీటులో ఏ నుంచి జీ వరకు ఏడు నిలువు వరుసలకు తేదీ, రీడింగు, లీటర్లు, రూపాయలు, ఫుల్ అయిందా, మైలేజీ, గమనిక అని పేర్లు పెట్టుకోవాలి. రెండో అడ్డు వరుసలో మొదటి ఫుల్ ట్యాంకు వివరాలు వేయాలి. ఆ రోజు పట్టిన పెట్రోలు అంతకు ముందు తిరిగిన దూరానిది కాబట్టి లెక్కలోకి రాదు, రీడింగు మాత్రమే పనికొస్తుంది. మళ్లీ ఫుల్ చేయించినప్పుడు మూడో వరుస నింపి, బి3 లోంచి బి2 తీసివేసి సి3తో భాగించే సూత్రాన్ని ఎఫ్3లో రాయాలి. నా షీటులో 24,310 దగ్గర మొదలై 24,652 దగ్గర 7.6 లీటర్లు పట్టింది. అంటే 342 కిలోమీటర్లకు లీటరుకు సరిగ్గా 45.

చిక్కంతా రెండు వందలకు పోయించుకునే రోజుల్లో వస్తుంది. అటువంటి వరుసలో లీటర్లు వేసి, మైలేజీ గడిని ఖాళీగా వదలాలి. తర్వాతి ఫుల్ దాకా పట్టిన లీటర్లన్నీ కలిపి, గత ఫుల్ నుంచి తిరిగిన దూరాన్ని వాటితో భాగించాలి. 24,800 దగ్గర 2 లీటర్లు, 25,047 దగ్గర ఫుల్‌కు మరో 7 లీటర్లు పడితే, 395 కిలోమీటర్లను 9తో భాగించగా 43.9 వస్తుంది. మధ్యలో ఒక్క బిల్లు పోయినా ఊహించి వేయకూడదు, తర్వాతి ఫుల్ నుంచి మళ్లీ మొదలుపెట్టాలి. బంకు బిల్లు మీది అక్షరాలు కొన్నాళ్లకే వెలిసిపోతాయి గనుక ఆ రాత్రే ఎక్కించడం మేలు.

ఫుల్ అన్న మాట ప్రతిసారీ ఒకే మట్టాన్ని సూచించాలి. సైడు స్టాండు మీద ఒరిగిన బండికీ, మెయిన్ స్టాండు మీద నిటారుగా నిలిచిన బండికీ పట్టే పెట్రోలులో తేడా ఉంటుంది. కారైతే నాజిల్ మొదటిసారి దానంతటదే ఆగిన చోట ఆపించాలి. మూడు లీటర్ల మీద పావు లీటరు తేడా వస్తే లెక్క ఎనిమిది శాతం తప్పుతుంది, అదే ముప్పై లీటర్ల మీద ఒక శాతం కూడా కాదు.

మొత్తం సగటుకు ఎఫ్ వరుసను సగటు చేయడం చాలామంది చేసే పొరపాటు. 100 కిలోమీటర్లకు 2 లీటర్లు, 320 కిలోమీటర్లకు 8 లీటర్లు అయితే మైలేజీలు 50, 40. వాటి సగటు 45 గానీ, నిజానికి 420 కిలోమీటర్లకు 10 లీటర్లు, అంటే 42. కాబట్టి చివరి ఫుల్ రీడింగులోంచి మొదటిది తీసివేసి, మొదటి ఫుల్ వేసిన రెండో అడ్డు వరుస వదిలి అప్పటిదాకా పట్టిన లీటర్ల మొత్తంతో భాగించాలి.

గమనిక వరుసను చిన్నచూపు చూడవద్దు. ఒకసారి వరుసగా మూడు ఫుల్ ట్యాంకులకు నా బండి 40 దాటలేదు. బంకునే అనుమానించాను గానీ, గమనికలో సరిగ్గా దానికి ముందు "వెనక బ్రేకు షూలు మార్పు" అని ఉంది. మెయిన్ స్టాండు వేసి చేత్తో తిప్పితే చక్రం అర చుట్టు తిరిగి ఆగిపోయింది. మెకానిక్ బ్రేకును మరీ బిగించాడన్నమాట. సాలూరు ఘాటు ఎక్కిన రోజు, ఇద్దరం వెళ్లిన రోజు, టైర్లలో గాలి కొట్టించిన రోజు కూడా అక్కడ ఉండాలి. ఇథనాల్‌లో లీటరుకు పెట్రోలు కంటే మూడో వంతు శక్తి తక్కువ కనుక, ఇంధనంలో దాని పాలు పెరిగిన తర్వాతి లెక్కను పాత లెక్కతో పోల్చేటప్పుడు ఆ సంగతీ గుర్తుంచుకోవాలి.

ఓడోమీటరు మీద నమ్మకం లేకపోతే, ముఖ్యంగా టైరు సైజు మార్చినప్పుడు, జాతీయ రహదారి 16 మీద రణస్థలం వైపు వెళుతూ పది కిలోమీటర్ల రాళ్లు లెక్కపెట్టాలి. మీటరు 10.3 చూపిస్తే, తిరిగిన దూరాన్ని 10.3తో భాగించి పదితో గుణించే సూత్రాన్ని చేర్చితే మైలేజీ సరిపోతుంది.