డీజిలు ఒలికిన మట్టిని గత్తంతో (మాగిన పేడ ఎరువుతో) బాగుచేయడం ఎలా?

రాజాం వైపు ఏ ట్రాక్టరు షెడ్డు వెనక్కి వెళ్లినా గడ్డి మొలవని నల్లమచ్చ ఒకటి కనిపిస్తుంది. పైన నాలుగు తట్టల మట్టి కప్పేస్తారు, లేదా తవ్వి గెడ్డలో (వాగులో) పోసేస్తారు. రెండూ తప్పే. డీజిలును తినే సూక్ష్మజీవులు ఆ మట్టిలోనే ఉన్నాయి. వాటికి కావలసినవి అందిస్తే చాలు.

పార, బరకం, వరి ఊక, యూరియా, సూపర్ ఫాస్ఫేట్, గత్తం తెచ్చుకోండి. గత్తం ఏడాది మాగినదే కావాలి, పచ్చి పేడ నేను ముట్టను. సంక్రాంతి వెళ్లాక కమ్మల పందిరి కింద బరకం వేసి, చుట్టూ చిన్న గట్టు కట్టి, తవ్విన మట్టిని జానెడు మందాన పరవండి. నాలుగు పాళ్ల మట్టికి ఒక పాలు గత్తం, మట్టి గుల్లబారేటంత ఊక. దగ్గర్లో బీడీ వెలిగించొద్దు.

ఒలికిన ఒక్కో లీటరుకు 150 గ్రాముల యూరియా, 100 గ్రాముల సూపర్ సరిపోతాయి. అదీ మూడు విడతల్లో. ఒకేసారి గుమ్మరిస్తే సూక్ష్మజీవులే చస్తాయి. బ్యాక్టీరియా పొడి ప్యాకెట్లు కొనమంటారు గానీ, బయటినుంచి తెచ్చినవి మన మట్టిలో నిలదొక్కుకోవడం కష్టం. 1989లో అలాస్కా తీరాన ఎక్సాన్ వాల్డెజ్ ఓడ చమురు ఒలికినప్పుడు కూడా రాళ్ల మీద ఎరువు చల్లి అక్కడి సూక్ష్మజీవులనే పెంచారు.

ఇక అందరూ చెడగొట్టేది తడి దగ్గర. పిడికెడు మట్టి తీసి గట్టిగా పిసకండి. ముద్ద కట్టాలి, వేళ్ల సందుల్లోంచి నీరు కారకూడదు, బొటనవేలితో నొక్కితే విడిపోవాలి. పొడిపొడిగా రాలిపోతే నీళ్లు చిలకరించండి. కారితే ఆపేయండి. డీజిలును తినే జీవులకు గాలి కావాలి. మట్టి సందుల్లో నీళ్లు నిండితే గాలికి చోటుండదు.

ఓసారి ఊరెళ్తూ మా మేనల్లుడికి అప్పగించాను. పుణ్యమని రోజూ పైపు పెట్టాడు. వచ్చి పార దింపితే నల్లటి బురద, కుళ్లిన గుడ్ల కంపు. ఆరబెట్టి, ఊక కలిపి మళ్లీ దారిలో పెట్టేసరికి పది రోజులు పోయాయి. అందుకే నాలుగు రోజులకోసారి అడుగు మట్టి పైకి వచ్చేలా తిరగెయ్యండి. పైపైన కెలకడం తిరగెయ్యడం కాదు. ఎండిపోతుందని బరకం బిగించి కప్పకండి, గాలి ఆడాలి.

వాడేసిన ఇంజనాయిలుకు ఇదే పద్ధతి అంటారు. అది చాలా నెమ్మది. పైగా అందులోని లోహాలను ఏ సూక్ష్మజీవీ మాయం చేయలేదు. బ్యాటరీ నీళ్లు పడిన మట్టిని అసలు కలపొద్దు.

మూడు నెలలకు వాసన పోతుంది. వాసన పోయిందని నమ్మకండి. ఒక తట్టలో ఈ మట్టి, ఇంకో తట్టలో మంచి మట్టి వేసి, లెక్కపెట్టి చోళ్లు (రాగులు) చల్లండి. రెండింట్లో ఒకేలా మొలిస్తే షెడ్డు ముందు గుంతలు పూడ్చుకోండి. కూరపాదులకు మాత్రం నేను వెయ్యను.