సెకండ్‌హ్యాండ్ లారీ కొన్నారా? డ్యాష్‌బోర్డు కింద ఆ నల్లడబ్బా ఏంటో ముందు చూడండి

పాత లారీ కొనేటప్పుడు ఇంజను సౌండు వింటాం, టైర్లు చూస్తాం, ఫైనాన్స్ క్లియరెన్స్ అడుగుతాం, కానీ పాత ఓనరూ ఎవరో ఎలక్ట్రీషియనూ కలిసి అందులో ఏమేం తగిలించారో మాత్రం ఎవరం చూడం. పోయినేడు మా బావమరిది బీఎస్6 (పొగ మీద కఠిన నిబంధనలు ఉన్న రకం) పది టైర్ల బండి తెచ్చాడు, డ్యాష్‌బోర్డు కింద అగ్గిపెట్టె కంటే కాస్త పెద్ద డబ్బా వేలాడుతోంది, పేరు లేదు, స్టిక్కర్ లేదు. పీకేస్తా అన్నాడు. ఆగరా బాబూ అన్నా.

తెలీనిది కనబడితే పీకొద్దు, వైరు పట్టుకుని వెళ్లండి. కంపెనీ వైరింగ్ నల్ల ముడతల పైపులో పోతుంది, కనెక్టర్ లాక్ పడి ఉంటుంది. తర్వాత పెట్టినదైతే మధ్యలో వైరు గీరి, మెలేసి, టేపు చుట్టి ఉంటుంది, చాలాసార్లు ఆ టేపు జిగటే పట్టిస్తుంది.

ఆ వైరు ఆక్సిలరేటర్ పెడల్‌కి పోతే అది 80కి లాక్ చేసే స్పీడ్ గవర్నర్ అయ్యుండొచ్చు, దాని జోలికి పోవద్దు, ఎఫ్‌సీకి, అంటే ఫిట్‌నెస్ సర్టిఫికెట్‌కి అడుగుతారు. లోపల సిమ్ ఉంటే జీపీఎస్, దాంతోపాటు స్టార్టింగ్ లైన్లో రిలే (కరెంటు కట్ చేసే స్విచ్) కూడా ఉంటే లోన్ ఇచ్చినవాడో ఇంకెవడో ఎక్కడో కూర్చుని మీ బండి ఆపగలడు, లోన్ తీరిపోయి ఉంటే రాయించుకుని మరీ తీయించండి.

మాది ఈ రెండూ కాదు. వైరు యూరియా సిస్టమ్ వైపు, అంటే పొగలో విషవాయువులు తగ్గించడానికి యూరియా నీళ్లు చల్లే ఏర్పాటు వైపు పోయింది. మీటర్లో యూరియా ముప్పావు చూపిస్తోంది, మూత తీసి లైటేస్తే అడుగున ఉప్పులా తెల్లగా గడ్డకట్టి ఉంది తప్ప చుక్క లేదు! యూరియా పోయకుండా తిప్పడానికి ఈసీయూకి, అంటే ఇంజన్ని నడిపే కంప్యూటర్‌కి, అంతా బాగానే ఉందని అబద్ధం చెప్పే డబ్బా అది. అలాగే కీ ఆన్ చేయగానే చెక్ ఇంజన్ లైటు ఒకసారి వెలిగి ఆరాలి, అసలు వెలగట్లేదంటే ఎవడో దాని నోరు నొక్కాడనే. 100 లీటర్ల డీజిల్‌కి ఉజ్జాయింపుగా 3 నుంచి 6 లీటర్ల యూరియా తాగాలి కాబట్టి పాత ఓనర్ని యూరియా బిల్లులు అడగండి, నీళ్లు నమిలితే అర్థం చేసుకోండి. డబ్బా తీసేస్తే సరిపోదు, ఎండిపోయిన పంపు, నాజిల్ పనిచేయకపోతే ఈసీయూ పవర్ తగ్గించేస్తుంది, లోడుతో ఘాట్ ఎక్కదు. అందుకే ఆ రిపేరు ఖర్చు బేరంలోనే తగ్గించుకోవాలి, మావాడు తగ్గించుకోలేదు.

కింద చూడాల్సినవి ఈజీ. ఖాళీ బండిని కాటా వేయించి ఆర్సీలో అన్‌లాడెన్ వెయిట్‌తో పోల్చండి, 300 లీటర్ల డీజిలే 250 కేజీల దాకా ఉంటుంది, అది తీసేశాక కూడా బాగా ఎక్కువొస్తే బాడీ ఎత్తు పెంచారో, కమాన్ పట్టీలు (స్ప్రింగ్ పట్టీలు) ఎక్కువ వేశారో, చాసిస్‌కి ప్లేట్లు కొట్టారో వెతకండి. పట్టీల్లో ఒకటి రెండింటి తుప్పు రంగు మిగతావాటికి తేడాగా ఉంటే తర్వాత వేసినవే. వీల్‌బేస్, అంటే ముందు వెనక ఇరుసుల మధ్య దూరం, మిల్లీమీటర్లలో ఆర్సీ మీదే ఉంటుంది, టేపు పెట్టి కొలవండి. చట్టం ప్రకారం ఓనరు ఇలాంటి మార్పులు చేయిస్తే ఒక్కో మార్పుకి 5000 జరిమానా, ఆరు నెలల దాకా జైలు కూడా ఉంది, నేను చేయించలేదు సార్ అంటే రోడ్డు మీద ఎవరు వింటారు?

ఇంకోటి, బ్యాటరీలు. బండి 24 వోల్టులు, అంటే రెండు 12 వోల్టుల బ్యాటరీలు సిరీస్‌లో. పాటల డబ్బా కోసం ఒక్క బ్యాటరీ నుంచే వైరు లాగి ఉంటే ఆ రెండూ సమానంగా ఛార్జ్ అవ్వవు, కొత్తవి వేసినా త్వరగా పోతాయి. 24ని 12 వోల్టులు చేసే కన్వర్టర్ పెట్టించుకోండి.

ఇంత చూసినా మిగిలిపోయేవి ఉంటాయి, అందుకే ఓనర్ని కాదు, ఆ బండి తోలిన పాత డ్రైవర్ని పట్టుకోవాలి. మేం టీ తాగించి అడిగితే అన్నీ చెప్పాడు, చివర్లో నవ్వి, "సీటు వెనకాల దొంగ స్విచ్ ఉంటది, చూశారా అన్నా?" అన్నాడు. అప్పటికే రెండుసార్లు బండి స్టార్ట్ అవ్వట్లేదని మెకానిక్‌ని పిలిపించి ఉన్నాం.